మంగళవారం పొద్దున బండి ఎక్కడుంది?

2023 వానాకాలం. అప్పటికి నేను ఈ పనిలోకి వచ్చి పదకొండేళ్లయింది. బండ్లకు దారి చూపించే మొబైల్ యాప్‌లు తయారుచేసే చిన్న కంపెనీ మాది. ఆఫీసు హైదరాబాద్‌లో, నా కాపురం వికారాబాద్‌లో. మా నాన్న కిరాణా దుకాణం మీద గదిలో, కిటికీ పక్కన బల్ల వేసుకుని కోడ్ రాసుకునేదాన్ని. వారానికి రెండు రోజులు రైలెక్కి ఆఫీసుకు వెళ్లేదాన్ని. నేనేం పని చేస్తానని దుకాణానికి వచ్చినవాళ్లు అడిగితే మా నాన్న ఒకటే జవాబు చెప్పేవాడు: "మా బిడ్డ ఫోన్లల్ల తొవ్వలు వెడ్తది." పదకొండేళ్లలో నా ఉద్యోగం గురించి ఇంతకంటే మంచి వివరణ నేను కూడా ఇవ్వలేకపోయాను.

మా యాప్ వాడేవాళ్లలో ఒక ట్రస్టు ఉండేది. జిల్లాలో నాలుగు వ్యాన్లు నడుపుతూ, నొప్పులొచ్చిన ఆడవాళ్లను ఊళ్ల నుంచి ఆసుపత్రికి చేర్చేవాళ్లు. జనం వాటిని కాన్పుల బండ్లు అనేవారు. ఒక్కో డ్రైవర్‌కు ట్రస్టు ఒక ఫోను ఇచ్చింది. పొద్దున ఏడింటికి డ్రైవర్ యాప్ తెరిచి 'డ్యూటీ స్టార్ట్' అనే బటన్ నొక్కాలి. అప్పుడు బండి ఎక్కడుందో కంట్రోల్ రూముకు తెలుస్తుంది. ఎవరైనా ఫోన్ చేస్తే, దగ్గర్లో ఏ బండి ఉందో, ఎంతసేపట్లో రాగలదో అక్కడ కూర్చున్న అమ్మాయికి తెర మీద కనిపిస్తుంది. బ్యాటరీ, డేటా మిగులుతాయని బండి ఉన్న చోటును రోజంతా పంపకుండా, డ్యూటీ మొదలైనప్పుడు ఒకసారి, ఒక్కో కేసు ముగిసినప్పుడు ఒకసారి పంపేలా చేశాం.

మా పనిలో ఫిర్యాదును 'టికెట్' అంటారు. ఆ ఆగస్టులో నాకొచ్చిన టికెట్ ఇది: "తాండూరు డ్రైవర్ ఫేక్ లొకేషన్ వాడుతున్నాడు. అరికట్టే మార్గం చూడండి." ఫేక్ లొకేషన్ అంటే, ఫోనులో ఒక దొంగ యాప్ వేసుకుని, మనం ఒకచోట ఉంటే ఇంకోచోట ఉన్నట్టు చూపించడం. సామాన్లు చేరవేసే కుర్రాళ్లలో కొందరికి ఈ విద్య బాగా తెలుసు. కాన్పుల బండి డ్రైవర్‌కు ఆ బుద్ధి పుట్టిందంటే మాత్రం నాకు ఒళ్లు మండింది.

ట్రస్టు సూపర్‌వైజర్ నర్సింలు సార్ ఆఫీసు మా ఇంటికి నడిచిపోయే దూరమే. వెళ్లి కలిస్తే జరిగిందంతా చెప్పాడు. ముందటి మంగళవారం పొద్దున ఏడుంబావుకు బషీరాబాద్ దగ్గరి ఊరి నుంచి బాలమ్మ అనే ఆమె ఫోన్ చేసింది. కూతురు అనితకు నొప్పులు. కంట్రోల్ రూము అమ్మాయి తెర చూసి, "బండి వికారాబాద్‌లో ఉందమ్మా, గంటన్నర పడుతుంది" అంది. గంటన్నర ఆగలేమని వాళ్లు షేరింగ్ ఆటో మాట్లాడుకుని బయలుదేరారు. దారిలో రైల్వే గేటు పడింది. గూడ్సు బండి పోతుండగానే ఆటోలో బిడ్డ పుట్టింది. బాలమ్మే తన చేతులతో పట్టుకుంది. దేవుడి దయవల్ల తల్లీబిడ్డా క్షేమం. అదే ఆటోలో తాండూరు ఆసుపత్రికి పోతూ ఒక సందు మలుపులో చూస్తే, కాన్పుల బండి కడిగి, తుడిచి, తళతళలాడుతూ నిలబడి ఉంది. బాలమ్మ ఆటో ఆపించి, దిగి, డ్రైవర్ అంగీ పట్టుకుందట.

"ఈడ వెట్టుకోని వికారాబాద్‌ల ఉన్న అంటవురా? నా బిడ్డ సచ్చిపోతె ఎవడు జవాబు?"

నర్సింలు సార్ రికార్డు తీశాడు. యోసేపు అనే ఆ డ్రైవర్ డ్యూటీ పదకొండు మంగళవారాలుగా వికారాబాద్‌లోనే మొదలవుతోంది. మిగతా రోజుల్లో తాండూరులో. యోసేపు తన లాగ్ బుక్కు తెచ్చి చూపించాడట. సోమవారం రాత్రి బండి తాండూరు చేరినట్టు, మంగళవారం పొద్దున అక్కడే ఉన్నట్టు కిలోమీటర్ల రీడింగుతో సహా రాసి ఉంది.

"చేతితోని రాసింది ఎవడైన రాస్తడు మేడం. యాప్ ఎందుకు అబద్ధమాడుతది?" అన్నాడు సార్. యోసేపును డ్యూటీ నుంచి ఆపేశారు. వారంలోగా తేల్చి పంపించేస్తారు.

నా యాప్‌ను ఒకరు అంతగా నమ్మేసరికి నాకు లోపల గర్వంగానే అనిపించింది. ఆ గర్వం ఒక పూట కూడా నిలవలేదు. సార్ యోసేపు ఫోను నా చేతిలో పెట్టాడు. అక్కడే వరండాలో నిలబడి ఆన్ చేసి, యాప్ తెరిచాను. నీలం చుక్క సరిగ్గా ఆ ఆఫీసు మీదే వచ్చి కూర్చుంది. తప్పేమీ లేదు. ఫోను ఆఫ్ చేసి సంచిలో వేసుకున్నాను. దొంగను పట్టుకోవడానికి మర్నాడు పొద్దున రైలెక్కి తాండూరు వెళ్లాను.

యోసేపు ఇల్లు బండలు కోసే పాలిషింగ్ మిషన్ల వెనక సందులో ఉంది. ఆ వీధంతా బూడిదరంగు నీళ్లు పారుతున్నాయి. ఇంటి ముందు బండి లేదు, బండి నిలబెట్టే చోట మాత్రం నేల గట్టిపడి రెండు చాళ్లు కనిపిస్తున్నాయి. మనిషికి యాభై దాటి ఉంటాయి. నన్ను చూసి లేచి నిలబడి, మంచం మీద దుప్పటి సర్దాడు. ఆయన భార్య మార్తమ్మ నేను వద్దనేలోపే చాయ్ పెట్టడానికి పోయింది.

"నమస్తే అన్నా. నా పేరు స్వప్న. మీ ఫోన్ల యాప్ జేసింది మేమే. జర ఫోను సంగతి మాట్లాడి పోదామని వచ్చిన."

"అడగుండ్రి మేడం. అండ్ల ఏముంటది."

నిజంగానే ఏమీ లేదు, నిన్న వరండాలోనే అంతా వెతికి చూశాను. దొంగ యాప్ కాదు కదా, ఒక పాట కూడా లేదు, ఒక ఫోటో లేదు. మొదటి రోజు కంపెనీ నుంచి ఎలా వచ్చిందో అలాగే ఉంది. ఇంత శుభ్రమైన ఫోను నేను ఇంతవరకు చూడలేదు. శుభ్రంగా ఉంటే అనుమానం ఇంకా పెరుగుతుంది మా వృత్తిలో. తుడిచేశాడేమో అనుకున్నాను.

"అన్నా, ఉన్నది ఉన్నట్టు చెప్పండ్రి. మంగళవారం పొద్దున మీరు వికారాబాద్‌ల ఉంటుండ్రా?"

ఆయనకు కోపం రాలేదు. వచ్చి ఉంటే నాకు తేలికగా ఉండేది. చేతులు చూసుకుంటూ కూర్చున్నాడు.

"నౌకరి పోతె పోయింది మేడం. మా నాయిన బండలు కొట్టి సాదిండు, నేను గూడ కొట్టుకోని బతుకుత. కని అబద్ధమాడిండు అన్నరు. ఆదివారం సంఘంల నేను నిలబడి వాక్యం చదివేటోన్ని. మొన్న ఆదివారం పోలే. ఎట్ల పోవాలె?"

ఆ గొంతులో ఏదో నన్ను కదిలించింది కానీ, జాలిపడితే పని కాదు. మా వృత్తిలో ఒక పద్ధతి ఉంది. తప్పు ఎప్పుడు జరుగుతుందో అడగకూడదు, ఏం చేస్తే జరుగుతుందో చేయించి చూడాలి. మనుషులు తాము చేసేది చెప్పమంటే సగమే చెప్తారు. మిగతా సగం వాళ్లకు అలవాటైపోయి కనిపించదు.

సంచిలోంచి ఫోను తీసి, ఇంకా ఆఫ్‌లోనే ఉన్నదాన్ని, ఆయన చేతికిచ్చాను. "మంగళవారం పొద్దున లేచినంక ఏమేం చేస్తరో, ఒక్కటి గూడ ఇడిసిపెట్టకుండ చేసి చూపియ్యండ్రి."

ఆయన మొహమాటపడ్డాడు. మార్తమ్మ చాయ్ అందిస్తూ, "సిగ్గు ఏమున్నది? గూటికాడికి పోతడు మేడం. రోజూ గంతే" అంది.

లోపలి గదిలోకి వెళ్లాం. తాండూరు పాత ఇళ్లు నేను చిన్నప్పటి నుంచి చూస్తున్నవే. గోడలు బండలవి. పైకప్పు కూడా బండలే, దూలాల మీద పొడుగాటి బండలు పరిచి పైన మట్టి మెత్తుతారు. ఎండాకాలంలో కూడా లోపల చల్లగా ఉంటుంది. గోడలో మోచేయి లోతున గూడు. అందులో బైబిల్, కళ్లద్దాల డబ్బా, ఒక ఛార్జరు. యోసేపు ఫోనును బైబిల్ పక్కన పెట్టాడు.

"రాత్రంత బంద్ వెట్టి గీడనే వెడ్త" అన్నాడు.

"బంద్ ఎందుకన్నా?"

నా ప్రశ్న ఆయనకు అర్థం కానట్టు చూశాడు. "కంపెనీ ఫోను గద మేడం. డ్యూటీ అయినంక నేనెట్ల వాడుకుంట? రెండున్నర నెలలకెల్లి సోమవారం వికారాబాద్‌ల మీటింగు ఉంటుంది. ఆరింటికి డ్యూటీ అయిపోతది, మీటింగుకు పోయే ముందు ఆడనే బంద్ చేస్త. ఇంటికొచ్చినంక గూడ తియ్య. మళ్ల పొద్దున ప్రార్థన అయినంకనే."

అప్పుడు కూడా నాకు వెలగలేదు. రాసినదాన్ని నేనే అయి ఉండి కూడా వెలగలేదు.

ఆయన ఫోను ఆన్ చేశాడు. అది లేచేలోపు కళ్లు మూసుకుని, చేతులు జోడించి, నేను ఉన్నానన్న సంగతి మరచిపోయినట్టు ప్రార్థన చేశాడు. డ్యూటీ లేని మనిషి డ్యూటీ కోసం చేసిన ప్రార్థన అది. "ప్రభువా, ఇయ్యాల ఏ తల్లిని ఎక్కించుకుంటనో నాకు తెల్వదు. ఆమెను, ఆమె కడుపుల ఉన్నదాన్ని నువ్వే మంచిగ దింపు. తొవ్వల ఏ ఆటంకం లేకుండ చెయ్యి. ఆమెన్." కళ్లు తెరిచి, గూట్లోంచి తీయకుండానే యాప్ తెరిచి, 'డ్యూటీ స్టార్ట్' నొక్కాడు.

నేను లాప్‌టాప్‌లో కంట్రోల్ రూము తెర తెరిచి పెట్టుకున్నాను. కొత్త వరుస ఒకటి వచ్చింది. తాండూరు బండి. డ్రైవర్ యోసేపు. డ్యూటీ స్టార్ట్. చోటు: వికారాబాద్.

మనిషి నా ముందు ఉన్నాడు. చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉన్నాడు, వేలు ఇంకా బటన్ మీదే ఉంది. నా తెర మీద అదే మనిషి నలభై కిలోమీటర్ల అవతల నర్సింలు సార్ వరండాలో నిలబడి ఉన్నాడు. నిన్న నేను నిలబడిన చోట.

నిన్న నేను నిలబడిన చోట! అప్పుడు వెలిగింది.

ఇక్కడ నా ఘనకార్యం చెప్పాలి. ఫోను తన చోటును తెలుసుకునేది ఆకాశంలోని ఉపగ్రహాల సంకేతాలతో. అవి అందడానికి కొన్ని క్షణాలు పడుతుంది. ఆ కొన్ని క్షణాలు తెర మీద చుక్క లేకపోతే జనానికి విసుగు. అందుకని నాలుగేళ్ల కిందట నేనొక చిట్కా వేశాను. యాప్ చివరిసారి చూసిన చోటును దాచిపెట్టుకుంటుంది. మళ్లీ తెరవగానే ముందు ఆ పాత చుక్కనే చూపిస్తుంది, అసలుది అందగానే చుక్క జరిగిపోతుంది. దీన్ని 'లాస్ట్ నోన్ లొకేషన్' అంటారు, చివరిగా తెలిసిన చోటు అన్నమాట. యాప్ ఎంత చురుగ్గా తెరుచుకుంటుందో అని అందరూ మెచ్చుకున్నారు. నేను కిటికీ పక్కన కూర్చుని పరీక్షించేదాన్ని కాబట్టి రెండు సెకన్లలో అసలు చోటు అందేది, బటన్ దగ్గరికి నా వేలు పోయేలోపే. అసలు చోటు అందకముందే ఎవరైనా బటన్ నొక్కితే పాత చోటు కొత్తదిగా చలామణీ అవుతుందని నేను ఆలోచించలేదు. యోసేపు బండెక్కేసరికి ఆయన తెర మీద చుక్క సర్దుకునేది, కాబట్టి ఆయనకు తేడా కనిపించలేదు. కంట్రోల్ రూములో మాత్రం మొదటి కేసు ముగిసేదాకా వికారాబాదే ఉండిపోయేది.

నన్ను ఎక్కువ కాల్చింది ఇంకొకటి. తరువాత మిగతా మూడు బండ్ల రికార్డులు తవ్వి చూశాను. డ్యూటీ అయ్యాక కంపెనీ ఫోన్లలో వీడియోలు చూసుకునే డ్రైవర్ల లొకేషన్లన్నీ సరిగ్గా ఉన్నాయి. ఫోను ఆన్‌లో ఉంటే ఇంటికి చేరేలోపు చుక్క కూడా ఇంటికి చేరుతుంది కదా. తనది కాని ఫోనును ముట్టకూడదనుకున్న ఒక్క మనిషినే నా యాప్ అబద్ధాలకోరును చేసింది.

ఆయనకు ఇదంతా ఎలా చెప్పాలో తెలియలేదు. నా ఫోనులో పరీక్షల కోసం పెట్టుకున్న ఒక యాప్ ఉంది, ఎన్ని ఉపగ్రహాలు అందుతున్నాయో అంకె చూపిస్తుంది. దాన్ని గూట్లో పెట్టాను. సున్నా. కాసేపు చూశాం. సున్నాయే.

"గీడ నిలబడి పిలిస్తె గాడ వినపడతలేదన్నట్టా?" అన్నాడు.

"మీద ఉపగ్రహాలు పిలుస్తనే ఉన్నయన్నా. మనకే వినపడతలేదు."

ఫోను పట్టుకుని ఇద్దరం నడిచాం. గది మధ్యలో ఒకటి. గడప దగ్గర రెండు. వాకిట్లోకి అడుగుపెట్టగానే నాలుగు, ఆరు, తొమ్మిది. చాళ్లు పడిన చోట నిలబడేసరికి పదకొండు. నీలం చుక్క మా కాళ్ల దగ్గరికి వచ్చి ఆగింది.

"ఎంత దూరం మీద ఉంటయి మేడం అవి?"

"ఇర్వై వేల కిలోమీటర్ల మీద."

ఆయన తల పైకెత్తాడు. మబ్బు పట్టిన ఆకాశం, చూడటానికి ఏమీ లేదు. "గంత మీదికెల్లి యోసేపు గీడున్నడని చూస్తయా?"

"చూడవన్నా. అవి టైము ఎంతయిందో చెప్తయి, అంతే. నాలుగింటి మాట విని, ఏది ఎంత ఆలస్యంగ వచ్చిందో లెక్కగట్టి ఫోనే తెలుసుకుంటది, నేనెక్కడున్ననో అని."

పదకొండేళ్లలో ఈ మాట ఎన్నిసార్లు ఎంతమందికి చెప్పానో. చెప్పిన ప్రతిసారీ పాఠంలాగే చెప్పాను. ఆ రోజు ఆ వాకిట్లో మొదటిసారి నాకే నిజంగా అర్థమైనట్టనిపించింది. ఇరవై వేల కిలోమీటర్ల నుంచి ఒక చిన్న గొంతు బయలుదేరుతుంది. మనం రెప్ప వేసేంతలో ఇక్కడికి చేరుతుంది. మబ్బులు దాన్ని ఆపలేవు, వాన ఆపలేదు. అంత దూరం వచ్చింది కాస్తా చివరికి యోసేపు వాళ్ల నాన్న పేర్చిన బండల మీద, మార్తమ్మ ఏటా మెత్తే మట్టి మీద ఆగిపోతోంది. ఆ బండలు కూడా ఒకప్పుడు సముద్రం అడుగున పొరలు పొరలుగా పేరుకున్నవే అంటారు. సముద్రం ఎండిపోయి, రాయై, కప్పై, ఒక డ్రైవర్ ఇంటి మీదికి చేరి, ఆకాశం మాటను ఆపింది. నా మూడు లైన్ల కోడ్ ఈ రెండింటి మధ్య దూరి, నాకు తెలుసు, నాకు తెలుసు అని అరిచింది.

యోసేపు మాత్రం ఇంకేదో ఆలోచిస్తున్నాడు.

"మేడం, ఒకటడుగుత. ఏమనుకోవద్దు. గూట్ల ఉన్నప్పుడు ఫోనుకు తెల్వదు గద?"

"తెల్వదన్నా."

"తెల్వకుంటె తెల్వదని చెప్పొచ్చు గద? మా దిక్కు ఎవలన్న తొవ్వ అడిగితె, తెలిస్తె తొవ్వ చీలేదాక తోలుకవోయి చూపిస్తం. తెల్వకుంటె తెల్వదంటం. తెల్వని తొవ్వ జెప్తె పాపం తగుల్తది. మనుషులు తప్పిపోతరు."

అదే వాకిట్లో నిలబడి నర్సింలు సార్‌కు ఫోన్ చేయబోయి, ముందు మా మేనేజర్‌కు చేశాను. ఆయన అంతా విని, "సర్వర్ సమస్య అని చెప్పు. సరిచేశామని చెప్పు. అంతకంటే వివరాలెందుకు?" అన్నాడు. సర్వర్ అనేది మా వృత్తిలో నోరులేని జీవి. ఏ నేరం మోపినా మోస్తుంది. నేను కూడా ఇదివరకు దాని మీద కొన్ని మోపినదాన్నే. ఈసారి ఎదురుగా యోసేపు నిలబడి ఉన్నాడు, నావైపు చూడకుండా బండి చాళ్లలో నీళ్లు నిలిచాయేమో అని కాలితో మట్టి సర్దుతున్నాడు.

సార్‌కు ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టాను. "సార్, యోసేపన్న అబద్ధమాడలే. మా యాప్ ఆడింది. అది రాసింది నేను. లాగ్ బుక్కుల రాసిందే నిజం. ఇది కాయిదం మీద రాసి సంతకం పెట్టి ఇస్త."

"యోసేపు ఉన్నడా ఆడ?" అన్నాడు సార్.

"ఉన్న సార్" అన్నాడు యోసేపు.

"రేపు వచ్చి బండి తీస్కపో." ఫోన్ పెట్టేయబోయి, "బుక్కు గూడ తీస్కరా. జర మంచిగ చూస్త" అన్నాడు.

మార్తమ్మ గుమ్మంలో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. ఏడుస్తోందో నవ్వుతోందో నాకు తెలియలేదు.

సరిచేయడానికి పట్టింది ఒక్క పూట. చాలా పెద్ద తప్పులు చాలా చిన్న చోట ఉంటాయి. ఇకమీదట చుక్కతో పాటు దాని వయసు కూడా యాప్ చూస్తుంది. రెండు నిమిషాలు దాటిన చోటును చోటుగా లెక్కపెట్టదు. డ్యూటీ బటన్ నొక్కినా సరే, అసలు చోటు అందేదాకా కంట్రోల్ రూముకు అబద్ధం పంపదు. అప్పటిదాకా తెర మీద ఒక మాట చూపించాలి. నేను "స్థానము సేకరించబడుచున్నది" అని రాసి, పరీక్షకు యోసేపుకు పంపాను. మర్నాడు ఫోన్ చేశాడు.

"గిదేంది మేడం, కలెక్టరాఫీసు కాయిదం లెక్కున్నది?"

"మరేం రాయాలన్నా?"

"ఇంకా తెల్వలే, జర ఆగు అని రాయి. అయిపాయె."

అదే రాశాను. యాప్ ఇలా మాట్లాడితే బాగుంటుందా అని మా మేనేజర్ నసిగాడు. బాగుంటుందన్నాను. మా యాప్ ఆ రోజు దాకా ఎప్పుడూ అనని మాట అది.

ఇంకొక పని మిగిలింది. ఆ శుక్రవారం, కేసులు లేని వేళ సార్ అనుమతితో, యోసేపు నన్ను బషీరాబాద్ దాటి బాలమ్మ ఊరికి తీసుకుపోయాడు. వాకిట్లో చీరతో కట్టిన ఊయల్లో పసిది పడుకుని ఉంది. అనిత పక్కనే కూర్చుని ఊపుతోంది. కర్ణాటక సరిహద్దు ఊరు కదా, బాలమ్మ కన్నడంలో ఎవరినో అదిలిస్తూ బయటికొచ్చి, యోసేపును చూసి ఆగిపోయింది. ఆయన ఏమీ అనకముందే నేను మొదలుపెట్టాను. బండి నిజంగానే తాండూరులో ఉందని, వికారాబాద్ అని చెప్పింది నేను చేసిన యాప్ అని, ఆయనకు ఫోనే రాలేదని, తప్పు నాదని చెప్పాను. నేను అబద్ధం చెప్పాలని చెప్పలేదని కూడా అన్నాను.

బాలమ్మ నన్ను కింది నుంచి పైదాకా చూసింది.

"నువ్వు అబద్ధమాడలే బిడ్డా. తెల్వక చెప్పినవ్. గాని తెల్వక చెప్పిన మాట గూడ గంతే దెబ్బ కొడ్తది. ఆ గేటుకాడ నా చేతులు ఎట్ల వణికినయో నాకు తెలుసు."

ఆ చేతులు చూశాను. కందిచేనులో కలుపు తీసిన మట్టి ఇంకా గోళ్లలో ఉంది. వెళ్తున్న రైలు చప్పుడులో, ఏ దారీ తెలియని ఒక ప్రాణాన్ని అవే పట్టుకున్నాయి. నేను తలవంచుకున్నాను.

ఆమె యోసేపు వైపు తిరిగింది. "నీ అంగి పట్టుకున్న అన్నా. నలుగురిల ఒర్లిన."

"చినిగిన గుండీ మా మార్తమ్మ కుట్టింది తియ్యి" అన్నాడు యోసేపు. అనిత నవ్వింది. బాలమ్మ ఊయల్లోంచి పసిదాన్ని తీసి ఏమీ అడగకుండా ఆయన చేతుల్లో పెట్టింది. నలుగురిలో పోయిన మాట నలుగురిలోనే తిరిగి రావాలని అనుకుందేమో, ఆ ఆదివారం తాండూరు దాకా వచ్చి, సంఘం విడిచే వేళకు చర్చి గుమ్మం ముందు నిలబడి, ఈ మనిషిది తప్పులేదని వచ్చినవాళ్లకల్లా చెప్పిందట. ఇది యోసేపు నాకు చెప్పలేదు, మార్తమ్మ చెప్పింది.

ఆ తరువాత నేను పెద్ద పెద్ద పనులే చేశాను. అయినా కొత్తగా చేరిన పిల్లలు, ఈ వృత్తిలో మీరు నేర్చుకున్నది ఏమిటని అడిగితే నేను చెప్పేది ఈ కేసే. తెలియని క్షణం ప్రతి యంత్రానికీ ఉంటుంది, ప్రతి మనిషికీ ఉంటుంది. ఆ క్షణాన్ని కప్పిపుచ్చడానికి పాతదాన్ని కొత్తదిగా చూపించామంటే, దాని దెబ్బ మనకు తగలదు. ఎక్కడో బండల కప్పు కింద నిజాయితీగా బతికేవాడికి తగులుతుంది.

యోసేపు అలవాటు మారలేదు. ఫోనును ఇప్పటికీ రాత్రి బంద్ పెట్టి గూట్లోనే పెడతాడు, ప్రార్థన అయ్యాకే తెరుస్తాడు. కాకపోతే బటన్ నొక్కాక ఫోను పట్టుకుని వాకిట్లోకి వచ్చి, చాళ్ల మధ్య నిలబడి, తల పైకెత్తి కొంచెంసేపు ఆగుతాడట. ఒకసారి అడిగాను, అంతసేపు ఆగాల్సి వస్తే విసుగు రాదా అన్నా అని.

"నాకు గదే మంచిగనిపిస్తది బిడ్డా" అన్నాడు. "నేను ప్రార్థనల తెల్వదు అనే చెప్త గద. ఇప్పుడు ఫోను గూడ గదే అంటది."

ఇన్నేళ్లలో నేను రాసిన లక్షల లైన్లలో, పూర్తిగా నిజమని గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పగలిగింది ఒకటుంది. ఇంకా తెల్వలే, జర ఆగు. అది కూడా నేను రాసింది కాదు.